ముందు బ్రేకు

మా ప్రాంతంలో మోటారు సైకిలు నేర్పేవాళ్ళు క్లచ్చు సంగతి కన్నా ముందు చెప్పే మాట ఒకటుంది. "ముందు బ్రేకు జోలికి పోవద్దు" అని. నాకు బండి నేర్పిన మేనమామ ఇదే చెప్పాడు. ఆయన ఈడువాళ్ళంతా ఆ ఒక్క మాట మీదనే ముప్ఫై నలభై ఏళ్ళు బండ్లు నడిపారు. కుడిచేతి వేళ్ళకు అందేట్టు కంపెనీవాడు అమర్చిన ఆ లివరు, వాళ్ళ దృష్టిలో, వాలులో బండి నిలిపి ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు అది దొర్లిపోకుండా పట్టుకోవడానికి పనికివచ్చే వస్తువు. దాని కేబులు తెగిపోతే సంవత్సరాల తరబడి వేయించుకోని వాళ్ళను నేనెరుగుదును. వెనక బ్రేకు షూ అరిగితే మాత్రం ఆ సాయంకాలానికే మెకానిక్కు దగ్గర ఉండేవాళ్ళు.

ఆ మాటకు అర్థం లేకపోలేదు. అప్పట్లో కోలారు జిల్లాలో పల్లెదారి అంటే ఎర్ర గరుసు మట్టి, పైన ఇంత కంకర. గోల్డుఫీల్డ్సులోనైతే సైనైడు దిబ్బల మీది నుంచి గాలికి లేచిన సన్నపొడి తారురోడ్ల మీదికి కూడా వచ్చి పరుచుకునేది. అటువంటి నేల మీద ముందు చక్రం ఒక్క క్షణం తిరగడం మానేసిందంటే హ్యాండిలు మన మాట వినదు. బండి పడిపోతోందని తెలిసేలోగా మనిషి కింద ఉంటాడు. వెనక చక్రం బిగుసుకుంటే బండి తోక ఆడిస్తుంది గాని చాలాసార్లు మనిషిని నిలబెడుతుంది. సైకిలు దిగి రాజదూతో, మైసూరులో తయారైన యెజ్డీయో ఎక్కిన తరానికి ఇది మోకాళ్ళు చెక్కుకుపోయి వచ్చిన జ్ఞానం. దాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు.

అయితే రోడ్లు మారాయి, బండ్లు మారాయి, వేగాలు మారాయి. జ్ఞానం మాత్రం తాతల నాటిదే మిగిలింది. 1999లో హీరో హోండా సి.బి.జెడ్. వచ్చాక ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండడం కుర్రకారుకు ఒక హోదా అయింది. ఆ డిస్కు పట్టు పాత డ్రమ్ముకు రెండింతలని వాళ్ళే గొప్పగా చెప్పేవారు. నొక్కేది మాత్రం కాలి కింది పెడలే.

దీని వల్ల జరిగే నష్టమేమిటో ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. కామర్సు చదివినవాడికి తెలియని సంగతేమీ కాదిది. బస్సులో ఫుట్‌బోర్డు దగ్గర నిలుచున్నవాడు డ్రైవరు బ్రేకు వేయగానే ముందుకు తూలతాడు. బండి బరువు కూడా అలాగే ముందుకు తూలుతుంది. బ్రేకు గట్టిగా పడ్డకొద్దీ ముందు చక్రం నేలను అదిమి పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. నేల మీద అదుము లేని చక్రానికి ఎంత బ్రేకు వేసి ఏం లాభం? అది ఊరికే జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఆవు అడ్డం వచ్చింది చూసి బ్రేకు వేయడానికే ఒక సెకను పడుతుంది కనుక ఆ 17 మీటర్లు ఎవరికైనా ఖర్చే. ఆ తర్వాత పొడి తారురోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా వాడినవాడు సుమారు 18 మీటర్లలో ఆగగలడు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కినవాడికి సుమారు 35 మీటర్లు కావాలి. మోటా లెక్కే అనుకోండి. నన్ను ఆశ్చర్యపరచింది ఇంకొకటి. మొదటివాడు పూర్తిగా ఆగిపోయిన చోటికి వచ్చేసరికి రెండోవాడు ఇంకా గంటకు 42 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. ఆవు అక్కడే ఉంటుంది.

ఇక్కడే ఏ.బి.ఎస్. అనే పరికరం కథలోకి వస్తుంది. చక్రం బిగుసుకోకుండా చూసే బ్రేకు అని దానికి అర్థం. చక్రం ఇరుసు దగ్గర పళ్ళున్న ఒక ఉంగరం తిరుగుతూ ఉంటుంది. దాని పక్కనే ఒక సెన్సారు ఆ పళ్ళను లెక్కపెడుతూ చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో ఎలక్ట్రానిక్ పెట్టెకు కబురు పంపుతుంది. బ్రేకు పట్టినప్పుడు చక్రం వేగం ఉండవలసిన దానికన్నా మరీ హఠాత్తుగా పడిపోతే, అది బిగుసుకోబోతోందని పెట్టెకు అర్థమవుతుంది. వెంటనే చిన్న వాల్వులు తెరుచుకుని బ్రేకు నూనె ఒత్తిడిని ఒక్క రవ్వ తగ్గిస్తాయి. చక్రం తిరగగానే మళ్ళీ పెంచుతాయి. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. ఎంత అనుభవమున్న మనిషి వేళ్ళకైనా అంత చురుకుదనం ఉండదు.

మా మేనల్లుడు రెండేళ్ళ క్రితం ఇటువంటి బండి కొన్నాడు. కొన్న ఆదివారమే వాణ్ణి ఊరి బయట కొత్త లేఅవుటుకు తీసుకుపోయాను. ఇళ్ళు రాని లేఅవుట్లకు తారురోడ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి మన దగ్గర. ముప్ఫై వేగంలో వచ్చి ముందు బ్రేకు గట్టిగా పట్టమన్నాను. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ కాలితోనే ఆపాడు. నాలుగోసారికి ధైర్యం చేశాడు గాని సగంలో వదిలేశాడు.

"మామా, లివరు లోపల ఏదో టకటక కొట్టుకుంటోంది. విరిగిపోతుందేమో అనిపించింది."

"అదే అది పనిచేయడమంటే. వదలకుండా పట్టుకో."

ఆరోసారి పట్టుకున్నాడు. బండి ముక్కు వంచి, నిటారుగా నిలబడిపోయింది. వాడి ముఖంలో ఆశ్చర్యం చూడాలి. పడలేదన్న ఆశ్చర్యం అది. ఆ టకటకకు భయపడి వదిలేస్తే పరికరం ఉండీ లేనట్టే. ఈ విషయం షోరూములో తాళంచెవి చేతికిచ్చేటప్పుడు చెప్పేవాళ్ళు ఎంతమంది? దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, ఫోటో తీసి పంపిస్తారు.

దీని చరిత్రలో ఒక చమత్కారముంది. ఈ ఆలోచన మొదట విమానాలది. డన్‌లప్ కంపెనీ మాక్సారెట్ అనే పరికరాన్ని 1950ల తొలినాళ్ళలో విమాన చక్రాల కోసం తయారుచేసింది. దాన్నే 1958లో ఇంగ్లండులోని రోడ్ రిసెర్చి లేబరేటరీవారు ఒక మోటారు సైకిలుకు బిగించి పరీక్షించారు. అది ఏ మోటారు సైకిలనుకున్నారు? రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్. తడి రోడ్ల మీద మేలు చేస్తుందని తేలినా, కంపెనీ సాంకేతిక పెద్దకు ఆ పరికరానికి భవిష్యత్తు ఉన్నట్టు తోచలేదు. ఆ కాగితాలు అక్కడితో ఆగిపోయాయి. 1988లో బి.ఎం.డబ్ల్యు. తన కె 100 బండికి ఎలక్ట్రానిక్ ఏ.బి.ఎస్. అమర్చింది, దాని బరువే పదకొండు కిలోలు. ఇప్పుడు కిలోకు లోపే వస్తోంది. మన దేశపు తయారీలో 2011లో టి.వి.ఎస్. వారి అపాచి ఆర్.టి.ఆర్. 180కి వచ్చింది. మన హొసూరు కంపెనీయే అది. మద్రాసు ఎన్‌ఫీల్డు బండ్లకు ఈ పరికరం చేరడానికి 2018, 2019 దాకా పట్టింది. అంటే ఆ పేరున్న బండి మీద మొదటి పరీక్ష జరిగిన అరవై ఏళ్ళకు.

బ్యాంకులో కూర్చునే నాకు ఈ పరికరం పరిచయమైంది కొటేషను కాగితాల మీద. కేంద్ర ప్రభుత్వం 2016 మార్చిలో ఒక నోటిఫికేషను ఇచ్చింది. 125 సి.సి. దాటిన ద్విచక్ర వాహనాలకు ఏ.బి.ఎస్. తప్పనిసరి; కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ 1 నుంచి, అప్పటికే అమ్మకంలో ఉన్నవాటికి 2019 ఏప్రిల్ 1 నుంచి. ఆ రెండు మూడేళ్ళూ ఒకే బండి రెండు రకాలుగా దొరికేది, ఏ.బి.ఎస్. ఉన్నది, లేనిది. బంగారుపేట వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు అప్పటికి 200 సి.సి. బండి కోసం వచ్చాడు. నరసాపుర పారిశ్రామికవాడలో ఉద్యోగం. రెండు కొటేషన్లూ తెచ్చాడు. తేడా 12 వేలు. మూడేళ్ళ కంతుల్లో ఆ 12 వేలకు నెలకు 393 రూపాయలు పడుతుందని లెక్క వేసి చూపించాను. రోజుకు 13 రూపాయలు. హోటల్లో ఒక కాఫీ. కుర్రాడు నవ్వి, "కాఫీ తాగేదానికే ఉండదు సార్ నెలాఖరుకు" అని లేని రకమే తీసుకున్నాడు. చెల్లెలి పెళ్ళి ఉంది, ఇంటికి పైకప్పు వేయాల్సి ఉంది. అప్పు తీసుకునేవాడి లెక్క వాడికుంటుంది. పైగా అప్పట్లో ముందు మడ్‌గార్డు మీద అంటించుకోవడానికి ఏ.బి.ఎస్. అనే స్టిక్కరు పది ఇరవై రూపాయలకు దొరికేది. మా బ్రాంచి ముందు నిలిచే బండ్లలో రెండు మూడింటికి ఆ స్టిక్కరే ఏ.బి.ఎస్.

2019 జనవరిలో, రాగి కోతలయ్యాక, ఆ కుర్రాడు తల్లిని వెనక కూర్చోబెట్టుకుని బంధువుల ఊరికి పోతున్నాడు. మన జిల్లాలో ఆ నెలల్లో రోడ్డే కళ్ళం. వచ్చేపోయే లారీల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని రాగి కట్టలు విప్పి తారు మీద పరుస్తారు. తర్వాత ఉలవల వంతు. మలుపు తిరగగానే గడ్డి, దాని మీద ఒక ముసలమ్మ చీపురుతో. కుర్రాడు బ్రేకు తొక్కాడు. బండి తోక తిరిగి పక్కకు పడింది. ముసలమ్మకు ఏమీ కాలేదు. కుర్రాడికి మోచేయి గీసుకుంది. వాళ్ళమ్మకు తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేయించాడు, అయినా ఆమె కర్ర లేకుండా మళ్ళీ నడవలేదు.

కంతులు ఒక్కటీ తప్పకుండా కట్టాడు. అప్పు తీర్చి కాగితాలు తీసుకుపోవడానికి వచ్చిన రోజు, సంతకాలన్నీ అయ్యాక అడిగాడు.

"సార్, ఆ పన్నెండు వేలు పెట్టుంటే మా అమ్మ నడుస్తా ఉండేదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఆ పొద్దు ఏ బ్రేకు పట్టినావప్పా?" అని అడిగాను. "వెనకదే సార్. గడ్డి మీద ముందుది పట్టుకుంటే పల్లు రాలవా?" అన్నాడు.

వాడు వద్దనుకున్న రకంలో కూడా ఆ పరికరం ముందు చక్రానికి మాత్రమే ఉండేది. మన చట్టం అడిగేదీ అంతే. ఒక్క చక్రానికి ఉన్నా చాలు. వెనక చక్రం దాని కాపలాలో లేదు. వాడు ముందు బ్రేకు ముట్టుకోనేలేదు కనుక, ఆ 12 వేలు పెట్టి కొన్నా ఆ ఉదయం ఆ పెట్టె నిద్రపోతూనే ఉండేది. ఇదే చెప్పాను. వాడికి అది ఊరట అయిందో, మరింత బాధ అయిందో ముఖం చూసి గ్రహించలేకపోయాను. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నా జవాబు సరైనదేనా అని నాకే సందేహం పట్టుకుని, అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

మేలు విషయంలో పెద్దగా సందేహానికి తావు లేదు. అమెరికాలో బీమా కంపెనీల తరఫున పనిచేసే రహదారి భద్రతా సంస్థ ఒకటుంది. ఒకే మోడలు బండ్లలో ఏ.బి.ఎస్. ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి, ప్రాణాంతక ప్రమాదాలు ఉన్నవాటిలో 37 శాతం తక్కువని 2011లో లెక్క తేల్చింది. ఆ లెక్క 2013లో 31 శాతమైంది, 2021లో 22 శాతమైంది. అంకెలు తగ్గుతున్నాయని పెదవి విరిచేవాళ్ళు ఉంటారు. బ్యాంకులో పనిచేసినవాడికి ఇది కొత్త కాదు. మొదట్లో అదనంగా డబ్బు పెట్టి ఏ.బి.ఎస్. కొనుక్కున్నవాడు స్వతహాగా జాగ్రత్తపరుడై ఉంటాడు. బీమా వద్దన్నా చేయించుకునే ఖాతాదారుడి వంటివాడు. ఆ జాగ్రత్త కూడా పరికరం ఖాతాలోనే జమ పడి ఉంటుంది. అది తీసేసినా మిగిలేది చిన్న మొత్తం కాదు. స్వీడను, స్పెయిను, ఇటలీ దేశాల ప్రమాదాల మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో గాయాలయ్యే ప్రమాదాలు ఇటలీలో 24 శాతం, స్పెయినులో 29, స్వీడనులో 34 శాతం తగ్గినట్టు తేలింది. మన దేశంలో 2022లో రోడ్ల మీద పోయిన 1,68,491 ప్రాణాల్లో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారివే నూటికి 44కు పైగా. అంటే దాదాపు 75 వేలమంది. దీనిలో అయిదో వంతు తగ్గినా ఎంత అని నేను చెప్పనక్కరలేదు.

అయితే ఆ అంకెలు మన అంకెలు కావు. అక్కడ వాడు కుడిచేత్తో బ్రేకు పట్టడం నేర్చుకున్న తర్వాతే బండెక్కుతాడు. రోడ్డు మీద రాగి కట్టలుండవు.

నష్టాలు చెప్పేవాళ్ళు ముందుగా చెప్పేది ఇదే, గరుసు మీద, ఇసుక మీద ఏ.బి.ఎస్. ఉంటే ఆగే దూరం పెరుగుతుందని. నిజమే. వదులు నేల మీద బిగుసుకున్న చక్రం మట్టిని ముందుకు తోసి దిబ్బ చేసుకుని దానికి ఆనుకుని ఆగుతుంది. బిగుసుకోనివ్వని పరికరం ఆ దిబ్బ కట్టనివ్వదు. కాని ఇది అసలు కార్ల వాదం. కారు నాలుగు చక్రాలూ బిగుసుకున్నా కారు నిలబడే ఉంటుంది. మోటారు సైకిలు ముందు చక్రం బిగుసుకుంటే ఆగే దూరం కొలవడానికి ముందు మనిషి నిలబడి ఉండాలి గదా! కొండదారుల్లో వెనక చక్రాన్ని కావాలని జార్చి నడిపే నేర్పరుల సంగతి వేరు. వాళ్ళకోసం వెనక ఏ.బి.ఎస్.ను ఆపుకునే మీట హిమాలయన్ వంటి బండ్లకు పెట్టారు. క్యాసంబళ్ళికి పాలు తీసుకుపోయేవాడికి ఆ మీటతో పని లేదు.

నాకు బరువుగా తోచిన నష్టాలు వేరే ఉన్నాయి. మలుపులో బండి వాలి ఉన్నప్పుడు మామూలు ఏ.బి.ఎస్.కు ఆ వాలు తెలియదు. వాలును కనిపెట్టేవి ఖరీదైన బండ్లకే ఉన్నాయి. కనుక మలుపులో గట్టిగా పట్టి, పెట్టె ఉందిలే అనుకుంటే పడటం తప్పదు. అరిగిన టైరుకు ఇది పట్టు తెచ్చివ్వలేదు. ఉన్న పట్టును వృథా కానివ్వదు, అంతే. సెన్సారు ఉంగరానికి బురద పట్టి పసుపు దీపం ఆరకుండా వెలుగుతుంటే, దాన్ని సరిచేయించే బదులు దీపానికి నల్లటేపు అంటించిన మహానుభావుణ్ణి నేను చూశాను. బ్రేకు నూనె రెండేళ్ళకోసారి మార్చాలన్న సంగతి కొన్నవాడికి తెలియదు. పల్లె మెకానిక్కు ఆ గొట్టాల్లో గాలి చేరితే తీయడానికి జంకుతాడు. ఇవన్నీ ఖర్చులే. ఇంకొక ఆక్షేపణ మా బ్రాంచిలోనే విన్నాను. "ముందు బ్రేకు అంత బాగా పడితే వెనక వచ్చే టమాటా లారీ గుద్దదా సార్?" అని. రాత్రి పూట కోలారు మండీ నుంచి మద్రాసు సరుకు వేసుకుని ముళబాగిలు రోడ్డు మీద పరుగెత్తే లారీలను చూసినవాడు దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేడు. కాని ముందున్న దాన్ని గుద్దుకుని ఆగినా వెనకవాడు గుద్దడం మానడు.

అన్నిటికన్నా పెద్ద నష్టం పరికరంలో లేదు, చట్టం గీసిన గీతలో ఉంది. 125 సి.సి. దగ్గర గీసిన ఆ గీతకు పైన ఉన్నవాడు కుర్రాడు, జీతగాడు, సరదాకు తిరిగేవాడు. కింద ఉన్నవాడెవడు? రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడగట్టుకుని డెయిరీకి పోయేవాడు. మూడు క్రేట్ల టమాటాలు వెనక కట్టుకుని తెల్లవారుజామున మండీకి వచ్చేవాడు. మారికుప్పం నుంచి, ఛాంపియన్ రీఫ్ నుంచి బెంగళూరు రైలు అందుకోవడానికి చీకటితోనే స్టేషనుకు పరుగెత్తేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక గోల్డుఫీల్డ్సు ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ రైలు మీదే కదా. మన జిల్లాలో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం ఈ గీతకు కిందివే. బరువు ఎక్కువ, టైరు సన్నం, ముందర కూడా డ్రమ్మే. 2013 నుంచి మన నరసాపురలోనే హోండావారి ఫాక్టరీ బండ్లు తయారు చేస్తోంది, పక్కన హొసూరులో టి.వి.ఎస్. ఉంది. బండ్లు పుట్టే గడప మనది. వాటి మీద పోయేవాళ్ళలో ఎక్కువమందికి పై తరగతి బ్రేకు అందలేదు.

గీతకు కిందివాటికి చట్టం సి.బి.ఎస్. అనే జంట బ్రేకు పెట్టమంది. ఒక బ్రేకు పట్టితే రెండో చక్రానికి కూడా కొంత పడుతుంది. మోటారు సైకిళ్ళలో వెనక పెడలు తొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పోతుంది. చౌకరకమని దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఇది మన కాలి అలవాటు తెలిసినవాడు చేసిన ఏర్పాటుగా కనిపిస్తుంది. కాలితోనే ఆపుతానని పట్టుబట్టినవాడికి ముందు బ్రేకును చాటుగా అందిస్తుంది. చక్రం బిగుసుకోకుండా మాత్రం ఆపలేదు. ఇంజను ఎంతదైనా కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ ఏ.బి.ఎస్. ఉండాలని, 2026 జనవరి 1 నుంచి అమలు చేయాలని 2025 జూనులో కేంద్ర రవాణా శాఖ ముసాయిదా వెలువరించింది. గడువు సంగతి ఎలా ఉన్నా ఆ ఆలోచన న్యాయమైనది. కాని ఇప్పటికే రోడ్డు మీద ఉన్న బండ్లు పది పదిహేనేళ్ళు తిరుగుతాయి. వాటికి కొత్తగా ఎవరూ ఈ పరికరం బిగించరు.

లైసెన్సు పరీక్ష సంగతి చెప్పకుండా ఉండలేను. మన దగ్గర పరీక్ష అంటే కాలు నేలకు ఆనకుండా ఎనిమిది అంకె తిప్పడం. వేగంగా వచ్చి గట్టిగా ఆపి చూపించమని ఎవరూ అడగరు. ఇదే గోల్డుఫీల్డ్సులో, మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గనిలోకి మనుషుల పంజరాన్ని దించే వైండింగు ఇంజను డ్రైవరుకు సర్టిఫికెట్టు లేనిదే లివరు మీద చెయ్యి వేయనిచ్చేవారు కాదు. బ్రేకు పట్టడం ఒక విద్య అని, దాన్ని పరీక్షించి ఇవ్వాలని తెలిసిన ఊరిది. పంజరంలో దిగినవాళ్ళ మనుమళ్ళు ఈనాడు ఎనిమిది తిప్పి, తల్లిని వెనక ఎక్కించుకుని రోడ్డెక్కుతున్నారు.

ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు సగమేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ ఉదయం ఆ పెట్టె ఏమీ చేసి ఉండకపోవచ్చు. కాని ఆ పెట్టె ఉన్న బండి మీద ఏడాది తిరిగి ఉంటే, ఎప్పుడో ఒక వానరోజు, ఎవరో చెప్పగా ముందు బ్రేకు పట్టి చూసి, పడనందుకు ఆశ్చర్యపోయి ఉండేవాడేమో. మా మేనల్లుడు ఇప్పుడు రెండు వేళ్ళు ఎప్పుడూ లివరు మీదనే ఉంచి నడుపుతున్నాడు. వాడి చేతికి భయం పోయింది. గడ్డి కనిపించినప్పుడు మాత్రం ఏ బ్రేకూ పట్టేంత వేగంలో ఉండవద్దని వాడికి విడిగా చెప్పాను.

మొన్న బేతమంగల వైపు నుంచి ఒక పాల వ్యాపారి అప్పుకు వచ్చాడు. చిన్న బండి. రెండు కొటేషన్లు తెచ్చాడు, ముందు చక్రానికి డ్రమ్ము ఉన్నదొకటి, డిస్కు ఉన్నదొకటి. తేడా నాలుగు వేలు. మూడేళ్ళ కంతుల్లో వెయ్యికి నెలకు సుమారు 33 రూపాయలు, నాలుగు వేలకు 131 అని కాగితం మీద వేసి ఇచ్చాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బులు సరే సార్, డిస్కు తీసుకుంటే ముందు బ్రేకు పట్టాల్సొస్తుందే?" అన్నాడు. పట్టాలి అన్నాను. ఇంట్లో అడిగి సోమవారం వస్తానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.